ప్రభుత్వ ఋణపత్రములు – మూలధన విపణి

ధాన్యపు టంగడిలో నమ్మదగిన కుంచము లేనియెడల బేరము సాగదు. కొలతయందు సందేహము కలిగినచో అమ్మువాడును కొనువాడును వెనుదీయుదురు. ధనమును అప్పిచ్చు నంగడికిని అట్టి కుంచ మొకటి కావలెను. ప్రభుత్వ ఋణపత్రమే, అనగా బాండే, ఆ కుంచము.

పన్నుల రాబడి వ్యయమునకు చాలనప్పుడు ప్రభుత్వము అప్పు గొనును. గడువునాటికి అసలును, అంతవరకు నిర్ణీతమైన వడ్డీయు చెల్లింతునని వ్రాసియిచ్చు పత్రమే బాండు. స్వదేశపు నాణెములో తీసిన అప్పును ప్రభుత్వము ఎగవేయుట అరుదు గనుక దాని వడ్డీ తక్కువ. కర్మాగారము స్థాపింపదలచిన కంపెనీ దానికంటె హెచ్చు వడ్డీ నీయవలెను. ప్రభుత్వ పత్రము నూటికి 7 రూపాయలు తెచ్చుచున్నచో, కంపెనీ పత్రము 8 గాని 9 గాని తేవలెనని కొనువాడు లెక్కవేయును. మొదటి యంకె తెలియనిచో రెండవది నిశ్చయించుట కష్టము.

అయితే కుంచము సరియైనదై యుండవలెను. ఇందుకు మన భారతదేశపు చరిత్రయే నిదర్శనము. 1990లో బ్యాంకులు తమ డిపాజిట్లు మున్నగు బాధ్యతలలో నూటికి 38.5 వంతులు ప్రభుత్వ పత్రములు మొదలగువానిలో నుంచవలెనని నిబంధన యుండెను. వడ్డీని ప్రభుత్వమే నిర్ణయించెడిది. కొనక తప్పనివాడు ధర నడుగడు; కావున పత్రములుండెనే గాని నిజమైన విపణి లేకుండెను.

1992లో రిజర్వు బ్యాంకు దీర్ఘకాలపు పత్రములను వేలము వేయ నారంభించెను. నాటినుండి కొనువారి పోటీయే వడ్డీని తేల్చసాగెను. ప్రభుత్వము కోరినంతనే రిజర్వు బ్యాంకు ధనమిచ్చుటకు సాధనమైయున్న తాత్కాలిక ట్రెజరీ బిల్లుల పద్ధతి 1997లో నిలిచిపోయెను. బ్యాంకులపై నిర్బంధమును క్రమముగా తగ్గెను. 2021 నవంబరు మాసమున సామాన్యులు సైతము 10,000 రూపాయలతో నేరుగా పత్రములు కొనుటకు రిజర్వు బ్యాంకు మార్గము తెఱచెను.

విద్యార్థులారా, ఒక చిన్న లెక్క చూడుడు. ఏటికి 7 రూపాయల వడ్డీ నిచ్చు 100 రూపాయల పత్రమునకు ఇంక నొక్క సంవత్సరమే గడువున్నదనుకొనుడు. అంగడిలో వడ్డీ నూటికి 8కి పెరిగినచో దాని ధర ఇంచుమించు 99 రూపాయలకు దిగును. వడ్డీ పెరిగిన ధర తగ్గును. వడ్డీ తగ్గిన ధర పెరుగును. ఋణపత్రములు నష్టమెఱుగవని తలచువారు ఈ సంగతి మఱువరాదు.

మఱియొక అపాయము కలదు. ప్రభుత్వము మితిమీరి అప్పు గొన్నచో ప్రజల పొదుపులో అధికభాగము అటే పోవును. కర్మాగారములకు దొరకునది స్వల్పమై, వడ్డీ భారమగును. కుంచము ధాన్యమును కొలువవలెనే గాని గాదె నంతయు ఖాళీ చేయరాదు.

2015 నుండి మన ప్రభుత్వము 40 ఏండ్ల గడువుగల పత్రములను గూడ అమ్మినది. అట్టి అప్పును తీర్చువారు నేడు బల్లలపై కూర్చున్న మీరే. కావున ఆ ధనముతో పంటకాలువ త్రవ్విరా, రహదారి వేసిరా, లేక పాత వడ్డీ కట్టుటకే వినియోగించిరా యని విచారించుట మీ హక్కు, మీ విధి.