గంజి పొర – గోగునార బలం



పోయిన ఎండకాలం సెలవులల్ల మా ఆవు మేత మానేసింది. కడుపు ఉబ్బి మూడో రోజు చచ్చిపోయింది. పశువుల డాక్టరు సారు కోసి చూస్తే లోపల ప్లాస్టిక్ కవర్ల ముద్ద ఉన్నది. మా యాడి కోహీర్‌ల జామకాయలు అమ్ముతది. అసుంటి కవర్లల్లనే కట్టి ఇస్తది. ఆ ముద్దను చూసి యాడి ఏమీ మాట్లాడలేదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

కవరు ఎందుకు కుళ్ళదు?
ఈ కవర్లు పెట్రోలియం నుండి తయారగును. మట్టిలోని సూక్ష్మజీవులు వాటిని తొందరగా తినలేవు. పిండిపదార్థమును మాత్రం తింటాయి. గంజి పళ్ళెంల ఎండితే సన్నని పొర లేస్తది కదా! అదే ఆధారం. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఓ. శాస్త్రవేత్తలు మక్కజొన్న పిండితో సంచులు తయారు చేసినారు. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూలకు వాటిని అమ్మడం మొదలుపెట్టినారు.

మేము చేసిన ప్రయోగం
సైన్స్ టీచర్ గారి ఎదుట ఆలుగడ్డలు తురిమి, నీళ్ళల్ల పిసికి, గుడ్డతో వడగట్టినాము. ఆ నీళ్ళ అడుగున తెల్లని పిండి పేరుకున్నది. ఒక చెంచా పిండికి నాలుగు చెంచాల నీళ్ళు, ఒక చెంచా వెనిగర్, అర చెంచా గ్లిజరిన్ కలిపి సన్నని మంట మీద చిక్కబడేదాకా తిప్పినాము. సగం ఒక పళ్ళెంల పరిచినాము. మిగిలిన సగంలో గోగునారను సన్నగా కత్తిరించి కలిపి వేరే పళ్ళెంల పరిచినాము. రెండు రోజులు ఆరబెట్టినాము.

గమనించినవి
1. గ్లిజరిన్ లేకుండా చేసిన పొర అప్పడం లెక్క విరిగింది.
2. నార లేని పొర గుంజగానే చిరిగింది. నార ఉన్నది తొందరగా చిరగలేదు.
3. నీళ్ళల్ల వేస్తే రెండూ మెత్తబడినాయి.
4. తడి మట్టిలో పూడ్చి మూడు వారాలకు తవ్వితే పొర లేదు, నార పోగులు మాత్రం మిగిలినాయి. పక్కన పూడ్చిన కవరు అట్లనే ఉన్నది.

కారణం
మట్టి గోడకు గడ్డి ఎందుకు కలుపుతరు? పగులు సాగకుండ గడ్డి పట్టి ఉంచుతది. నార పని కూడా అదే. పిండి, నార రెండూ గ్లూకోజుతో ఏర్పడినవే. కావున ఒకదానినొకటి బాగా అంటుకొనును.

ముగింపు
ఈ పొర పొడి వస్తువులకే పనికి వస్తది. తడి కూరకు మన మోదుగాకు విస్తరే మేలు. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులను దేశమంతట నిషేధించినారు. అయినా అంగట్ల కనబడుతనే ఉన్నయి. అందుకని ఒక్క మాట. తొక్కలు, మిగిలిన అన్నం కవర్ల కట్టి పారేయకండి. వాసనకు పశువులు కవరుతో సహా మింగుతాయి.

దసరా సెలవులకు నార పొర ఒకటి యాడికి తీసుకపోతున్నాను. నాలుగు జామకాయలు ఆగుతయో లేదో ఆమెనే కట్టి చూడాలె.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని