పిల్లల నడిగి కట్టిన కళాసమాజము

ఇల్లు కట్టు మేస్త్రి ఆ యింట వండుకొనబోవు ఇల్లాలిని పొయ్యి యెచ్చట నుండవలెనని యడుగనియెడల, గోడలెంత చక్కగా లేచినను వంటయింట పొగ నిలిచి తీరును. సమాజములును ఇట్టివే. ఎవరికొఱకు కట్టుదుమో వారి మాట వినక కట్టినది నిలువదు. అంతర్జాలమున బాలబాలికలు తాము కల్పించిన బొమ్మలను, ఆటలను, కథలను ఒకరికొకరు చూపుకొను "స్క్రాచ్" అను సమాజము ఇందుకు మంచి నిదర్శనము.

అమెరికాలోని బోస్టను నగరమున 1993వ సంవత్సరమున కంప్యూటర్ క్లబ్‌హౌస్ అను స్థలము తెరువబడెను. బీద కుటుంబముల పిల్లలు బడి విడిచిన పిమ్మట అచ్చటికి వచ్చి, కంప్యూటరుపై తమ కిష్టమైనవి చేసికొనుచుండిరి. దాని స్థాపకులలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు ఆచార్యుడగు మిచెల్ రెస్నిక్ గారొకరు. బొమ్మలను కదలింపవలెనని, ఆట లాడింపవలెనని పిల్లలకు కోరిక మెండు. కాని ప్రోగ్రాములు వ్రాయు భాషలు కఠినములు. ఒక్క గుర్తు తప్పినను యంత్రము కదలదు.

ఇది చూచి ఆయనయు సహచరులును, ఆటయిటుకలవలె ఒకదానికొకటి తగిలించుకొను ఆజ్ఞాఖండములను కల్పించిరి. పొసగనివి అతుకుకొనవు, కావున వ్రాతతప్పుల భయము లేదు. పని ముగియకమునుపే దానిని క్లబ్‌హౌసులకు గొనిపోయి, పిల్లలెచ్చట చిక్కుకొనిరో కనిపెట్టి దిద్దుచు వచ్చిరి. 2007వ సంవత్సరము మే నెలలో అది లోకమున కుచితముగా నీయబడెను. దానితోడనే, చేసినవానిని పదుగురకు చూపుటకు తగిన చోటును ఏర్పడెను.

ఒకనాడు క్లబ్‌హౌసులో 12, 13 ఏండ్ల బాలు డొకడు, పెద్దచేప చిన్నచేపలను మ్రింగు ఆట నొకటి చేయుచుండెను. ఎన్ని చేపలు మ్రింగబడెనో లెక్క కనబడవలెనని వాని కోరిక. రెస్నిక్ గారు "చలరాశి" అను దానిని చూపగనే, వాడు సంతోషముతో ఆయనకు మరల మరల వందనము లర్పించెను. బీజగణితపు గంటలో చలరాశిని నేర్పినందుకు నాకింతవఱకు ఒక్కరును అట్లు చెప్పలేదు! అవసరము తెలిసిన తరువాత వచ్చిన విద్యయే తీపి.

అయినను ఆ సమాజమున తగవులు లేకపోలేదు. ఒకరి కృతిని మఱియొకరు విప్పిచూచి, మార్చి, తిరిగి ప్రకటింపవచ్చునని అచ్చటి నియమము. దీనివలన అందఱును నేర్చుకొందురని నిర్మాతల తలంపు. కాని పెక్కుమంది పిల్లలు, "నా పనిని దొంగిలించిరి" అని మొఱపెట్టిరి. నిర్మాతలు నియమమును తీసివేయలేదు, మొఱను త్రోసివేయలేదు. మార్చిన ప్రతి కృతిక్రిందను, మూలకర్త యెవరో దానంతట అదియే కనబడునట్లు చేసిరి. పిదప పరిశీలింపగా వింత యొకటి తేలెను. యంత్రము చూపు పేరుకంటె, తోడిబాలుడు స్వయముగా వ్రాసిన కృతజ్ఞతావాక్యమునే పిల్లలు మిక్కిలి విలువగా నెంచిరి. యంత్రము చేయునది లెక్క. మనిషి చేయునది గౌరవము.

ఇది చదివినపుడు నా పొరపాటొకటి జ్ఞప్తికి వచ్చెను. ఒక యేడు మా తరగతి వ్రాతపత్రిక ముఖచిత్రమునకు ఒక బాలుడు గీతలు గీసెను, మఱియొకడు రంగులు వేసెను. నేను రంగులు వేసినవాని పేరొక్కటే వ్రాసితిని. మొదటివాడు ఏమియు ననలేదు. మరుసటి సంచికకు మాత్రము బొమ్మ తేలేదు. అడిగినచో వాడు చెప్పియుండును. నే నడుగలేదు.

కావున మీరును వ్రాతపత్రికనో, నాటకసంఘమునో, చిత్రలేఖన బృందమునో స్థాపింపదలచినచో ముందుగా మూడు పనులు చేయుడు. చేరబోవువారి నడుగుడు. అరకొరగా నున్నపుడే వారిచేత వాడించి, వారు తడబడినచోట దిద్దుడు. మొఱ వచ్చినపుడు కోపింపక, దాని వెనుక నున్న కొఱతను వెదకుడు. తమ మాట చెల్లిన చోటికి మనుష్యులు మరల వత్తురు. ఈ యేటి వ్రాతపత్రిక పని మొదలిడుటకుముందు, ఒక కాగితము త్రిప్పి మీ యందఱి యభిప్రాయములను నేనును అడుగబోవుచున్నాను.