కొమ్ము స్పీకర్లను నిలుపు విధము

పాఠశాల వార్షికోత్సవమునకై మేము విద్యార్థులతో కూడి రేకుతో రెండు కొమ్ము స్పీకర్లను నిర్మించితిమి. ఒకదానిని వేదికయొద్దను, రెండవదానిని మైదానపు తుదియందును ఎదురెదురుగా నిలిపితిమి. శబ్దము పెద్దదయ్యెను గాని మాట తెలియదాయెను. వెనుక కూర్చున్న ఒక తల్లి, తన కుమారుడు వల్లించిన కీర్తనలో ఒక్క ముక్కయు బోధపడలేదని చెప్పగా మేము సిగ్గుపడితిమి.

కారణమేమి? 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల గాలిలో ధ్వని సెకనునకు సుమారు 350 మీటర్లు పోవును. ఆమెకు ఒక కొమ్ము 10 మీటర్ల దూరమునను, వేదికయొద్దిది 45 మీటర్ల దూరమునను ఉండెను. రెండవ ధ్వని సెకనులో పదవవంతు ఆలస్యముగా చేరి, ముందటి మాటపై వెనుకటి మాట పడుచుండెను.

కావున రెండు కొమ్ములను వేదికపైననే ప్రక్కప్రక్కన నుంచి, సభలో చెరియొక సగమునకు త్రిప్పవలెను. మంద్రస్వరములు నలుదెసల వ్యాపించును. హెచ్చు స్వరములు మాత్రము కొమ్ము నోటికి సూటిగా పోవును. స, శ, త మొదలగు హల్లుల స్పష్టత వీనియందే గలదు. అందుచే కొమ్మును ముందువారి తలలకంటె ఎత్తున నిలిపి, నోటిని చివరి వరుసకు గురిపెట్టవలెను. మైక్రోఫోను కొమ్ములకు వెనుకనే యుండవలెను. లేనియెడల వెలువడిన శబ్దము మరల దానిలో ప్రవేశించి కూతపెట్టును.

విద్యార్థులారా, సభకు ముందు ఒకరు వేదికపై కొన్ని పదములు చదువుడు; మరియొకరు చివరి వరుసలో కూర్చుండి వ్రాయుడు. వ్రాతలో తప్పు లేనప్పుడే కొమ్ము సరిగా నిలిచినదని యెంచుడు. మరుసటి యేట మేమట్లు చేయగా, ఆ తల్లి వెనుకనుండియే కుమారుని కీర్తనను తుదివరకు వినెను.