ఒకే తీగ, రెండు దారులు: యూనిక్స్ యంత్రానికి మోడెమ్ అమరిక



నేటి విద్యార్థి చేతిలోని ఫోను క్షణంలో ప్రపంచాన్ని పలకరిస్తున్నది. కాని కంప్యూటర్లు పరస్పరం సంభాషించుకొనటానికి సామాన్యమైన టెలిఫోను తీగయే ఆధారమైన కాలమొకటి ఉండేది. మన దేశంలోని ఉన్నత విద్యాసంస్థలను కలుపుటకు 1986లో ఆరంభమైన ఎర్నెట్ సైతం తొలిదినాలలో డయల్ చేసే లైన్ల మీదనే ఉత్తరాలను చేరవేసింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం కల్పించినప్పుడు కూడా ఇంటింటా ద్వారపాలకుడు మోడెమే. ఆ పరికరాన్ని యూనిక్స్ వర్క్‌స్టేషనుకు ఏ విధంగా అమర్చేవారో, ఆ అమరికలో ఏ ప్రమాదం పొంచి ఉండేదో ఈ వ్యాసంలో వివరింపదలచినాము. ఉదాహరణకు 1990 ప్రాంతపు సన్ వర్క్‌స్టేషనును, దానిపై నడచిన సన్‌ ఓఎస్ 4 వ్యవస్థను తీసుకొందాము.

మోడెమ్ అనగా నేమి?

కంప్యూటరుకు తెలిసినవి 0, 1 అనే రెండు అంకెలే. టెలిఫోను తీగ మనిషి గొంతును మోయటానికి ఏర్పడినది. సుమారు 300 నుండి 3400 హెర్ట్జ్‌ల వరకు గల ధ్వనులే అందులో సాగుతాయి. అంకెలను ధ్వనులుగా మార్చడం మాడ్యులేషన్. ధ్వనులను తిరిగి అంకెలుగా మార్చడం డీమాడ్యులేషన్. ఈ రెండు పనులూ చేసేది కనుక దానికి మోడెమ్ అని పేరు. 1962లో అమెరికాలో వెలువడిన బెల్ 103 మోడెమ్ సెకనుకు 300 బిట్లు పంపగలిగేది. 1994 నాటి వి.34 ప్రమాణం ఆ వేగాన్ని 28,800 బిట్లకు చేర్చింది. ఈ మధ్యలో 1981లో హేస్ సంస్థ తెచ్చిన స్మార్ట్‌మోడెమ్ ఒక మలుపు. ‘ఏటీ’ అనే రెండక్షరాలతో మొదలయ్యే ఆజ్ఞలను కంప్యూటరే పంపి, మనిషి చేయి తగలకుండా నంబరు డయల్ చేయించే సౌలభ్యం దానితో వచ్చింది.

రెండు తీగల సాక్ష్యం

కంప్యూటరును మోడెమును కలిపేది ఆర్‌ఎస్-232 అనే 25 సూదుల కేబుల్. 2వ, 3వ సూదులు సమాచారాన్ని మోస్తాయి. అయితే మన పాఠానికి ప్రాణమైనవి మరి రెండు. 8వ సూది క్యారియర్ డిటెక్ట్: “అవతలి మోడెమ్ ధ్వని నాకు వినబడుతున్నది” అని మోడెమ్ కంప్యూటరుకు చెప్పే సాక్ష్యం. 20వ సూది డేటా టెర్మినల్ రెడీ, క్లుప్తంగా డీటీఆర్: “నేను సిద్ధంగా ఉన్నాను” అని కంప్యూటరు మోడెముకు చెప్పే సాక్ష్యం. ఈ రెండూ సత్యం చెప్పవలెను. మోడెమ్ అమరికలోని శ్రమ అంతా ఈ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నది.

రాకపోకల చిక్కు

బయటివారు లోనికి రావలెనన్న, గెట్టీ అనే ప్రోగ్రాము సీరియల్ పోర్టు వద్ద నిరంతరం కాచుకొని ఉండవలెను. మనము బయటకు డయల్ చేయవలెనన్న, అదే పోర్టు ఖాళీగా ఉండవలెను. ఒకే ద్వారం వద్ద కావలివాడు అడ్డుగా నిలిచి ఉండగా ఇంటివారు బయటికి పోవుట ఎట్లు?

దీనికి సన్ వ్యవస్థలో చక్కని ఉపాయమున్నది. ఒకే పోర్టుకు రెండు పేర్లు పెట్టుట. రాకకు ‘టీటీవైడీ0’, పోకకు ‘సీయూఏ0’. రెండింటి మేజర్ సంఖ్య 12. మైనర్ సంఖ్య మాత్రం మొదటిదానికి 0, రెండవదానికి 128. మొదటి పేరుతో తెరవబోయిన గెట్టీని, క్యారియర్ వచ్చేవరకు కెర్నెల్ నిద్రపుచ్చుతుంది. ఆ నిద్రాకాలంలో ఎవరైనా రెండవ పేరుతో తెరిస్తే వెంటనే అనుమతి లభిస్తుంది. గెట్టీ నిద్ర చెడదు. బయటివారు అప్పటికే లోనికి వచ్చి ఉంటే, డయల్ చేయబోయినవారికి “పోర్టు ఖాళీ లేదు” అని సమాధానం వస్తుంది. క్యారియర్ నిజం చెప్పినంతకాలమే ఈ ఏర్పాటు నిలుస్తుంది.

అబద్ధం వలన కలిగే అనర్థాలు

అనేక మోడెములు కర్మాగారం నుండి వచ్చునప్పుడు క్యారియర్ ఎల్లప్పుడూ ఉన్నట్లే చూపుతాయి. అప్పుడేమగును? గెట్టీ మేల్కొని ‘లాగిన్’ అని అడుగుతుంది. పిలిచినవారెవరూ లేరు, మోడెమ్ ఆ మాటనే ప్రతిధ్వనిగా తిప్పి పంపుతుంది. గెట్టీ దానినే వినియోగదారుని పేరుగా భావించి సంకేతపదం అడుగుతుంది. గోడతో మాట్లాడినట్లు ఈ సంభాషణకు అంతముండదు. పోర్టు తెరచి ఉన్నది కనుక బయటకు డయల్ చేయుట కూడా సాధ్యం కాదు.

ఇంతకన్న ఘోరమైనది మరొకటి. ఒక అధ్యాపకుడు ఇంటినుండి లాగిన్ అయి మార్కుల పట్టిక దిద్దుచున్నాడనుకొందాము. నడుమ లైను తెగింది. క్యారియర్ పడిపోలేదని మోడెమ్ చెబుతున్నది కనుక యంత్రం ఆయన ఇంకా ఉన్నాడనే నమ్ముతుంది. మరి కొంతసేపటికి ఒక విద్యార్థి పిలుస్తాడు. అతనిని పేరు అడిగేవారు లేరు, సంకేతపదం అడిగేవారు లేరు; అధ్యాపకుని పట్టికయే అతని ఎదుట తెరచి ఉంటుంది. పరాయి ఇంటి తాళంచెవి అడగకుండానే చేతికి వచ్చినట్లు! అతడు సజ్జనుడైనా, రేపు మార్కులలో తేడా వస్తే నింద ఎవరిపై పడుతుందో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

అమరిక విధానము

మొదట మోడెముకు చెప్పవలసినవి: ‘&సీ1’ అనగా క్యారియర్ నిజముగా ఉన్నప్పుడే చూపుము; ‘&డీ3’ అనగా డీటీఆర్ పడిపోయిన వెంటనే లైను వదలి తొలి స్థితికి మరలుము; ‘ఎస్0=1’ అనగా మొదటి గంటకే ఫోను ఎత్తుము; ‘ఈ0’, ‘క్యూ1’ అనగా ప్రతిధ్వని, సమాధానములు మానుము. చివర ‘&డబ్ల్యూ’ అంటే వీటిని చెరగని జ్ఞాపకంలో దాచుకొంటుంది. బయటకు డయల్ చేసే ప్రోగ్రాము సమాధానములను తాత్కాలికంగా తెరచుకొనవలెను; పని ముగిసి డీటీఆర్ పడగానే మోడెమ్ తిరిగి దాచిన స్థితికే వస్తుంది.

పిదప యంత్రానికి చెప్పవలసినవి: మొదటి పోర్టు విషయంలో క్యారియర్‌ను లెక్కచేయవద్దనే గుర్తు ఈఈప్రామ్‌లో ఉంటే దానిని ‘ఫాల్స్’ చేయవలెను. ‘టీటీవైటాబ్’ పట్టికలో ఆ పోర్టు వరుసనుండి ‘లోకల్’ అనే మాటను తొలగించవలెను. అది ఉన్నంతవరకు యంత్రం క్యారియర్‌ను పట్టించుకొనదు. ‘సెక్యూర్’ అనే మాటను కూడా తీసివేస్తే సర్వాధికారియైన రూట్ టెలిఫోను ద్వారా నేరుగా ప్రవేశింపలేడు. ‘సీయూఏ0’ను యూయూసీపీ ఖాతాకు అప్పగించి, అనుమతిని 600 చేయవలెను. అప్పుడు టిప్, యూయూసీపీ వంటి నియమిత ప్రోగ్రాముల ద్వారా తప్ప ఎవరూ డయల్ చేయలేరు. టెలిఫోను బిల్లు చెల్లించే కమిటీ వారికి ఇది ముఖ్యం.

చివరి పరీక్ష

అమరిక ముగిసినదని సంతోషించుటకు ముందు ఒక్క పరీక్ష చేయవలెను. మరొక ఫోను నుండి పిలిచి లాగిన్ కండి. లాగౌట్ చేయకుండానే ఫోను తీగ లాగివేయండి. వెంటనే తిరిగి పిలవండి. క్రొత్తగా పేరు అడిగితే అమరిక సరియైనది. పాత పని కనబడితే మరల మొదటికి రండి. క్యారియర్ పడగానే యంత్రం ఆ వ్యక్తి పనులకు ‘హ్యాంగప్’ అనే సంకేతం పంపి ముగించవలెను. టెలిఫోను పెట్టివేయుట అనే అర్థంగల ఆ పేరు యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో నేటికీ నిలిచి ఉన్నది. ఫ్రీబీఎస్‌డీలోను, ఆపిల్ మ్యాక్ యంత్రాలలోను సీరియల్ పోర్టుకు రాకకొక పేరు, పోకకొక పేరు ఇప్పటికీ ఉన్నవి.

ముగింపు

మోడెముల కాలం గతించింది, పాఠం గతించలేదు. ద్వారం తెరచుట ఎంత ముఖ్యమో, అతిథి వెళ్ళినాడని గుర్తించి మూయుట అంతకన్న ముఖ్యం. ప్రయోగశాలలోని కంప్యూటరు ముందునుండి లేచునప్పుడు లాగౌట్ చేయని విద్యార్థి, క్యారియర్ విషయంలో అబద్ధమాడే మోడెముతో సమానము. తన వెనుక వచ్చువాని నిజాయితీని పరీక్షకు పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఈ చిన్న నియమాన్ని మన విద్యార్థులు అలవరచుకొందురని ఆశిస్తున్నాము.