ఆదివారములను దాచనేల?

సమస్య



నాది కాకినాడ దగ్గరి పల్లె. సముద్ర జీవశాస్త్రమున ఎమ్మెస్సీ చదువుచు, ఇంటర్న్‌షిప్ నిమిత్తమై అండమానులకు వచ్చి, మొన్నటిదాక పోర్ట్ బ్లెయిర్ అనబడి యిప్పుడు శ్రీ విజయపురమైన పట్టణమున ఉంటున్నాను. తెల్లవారకమునుపే జంగ్లీఘాట్ రేవునకు పోయి, పడవలు దింపిన వంజరములను, తూరలను, కానాగంతలను కొలబద్దపై పరచి, మూతి కొస మొదలు తోక చీలిక వరకు పొడవు కొలిచి వ్రాసికొనుట నా పని. మధ్యాహ్నము ఆ లెక్కలన్నియు కంప్యూటరులో ఎక్కింపవలెను.

ఆదివారము వచ్చెనా, తోటివారందరు స్వరాజ్ ద్వీపమనియో, వండూరనియో బయలుదేరుదురు, నేనును పోవుచున్నాను. చిక్కంతయు ఇక్కడనే వచ్చినది. మా నాన్నగారు కౌలు రైతు; అప్పుచేసి నన్నింత దూరము పంపినారు. మొదట ఒక ఫోటో పంపగా, "చదువుకోడానికెళ్లావా, షికార్లకెళ్లావా?" అని అడిగిరి. అప్పటినుండి ఆదివారము ఆయన ఫోను చేసినప్పుడెల్ల లాబులో ఉన్నానని బొంకుచు, అలల హోరు వినబడకుండ ఫోనును అరచేత మూసికొనుచున్నాను. వచ్చే నెల ఆయన విశాఖనుండి ఓడలో నన్ను చూడ వచ్చుచున్నారు. ఎవరైన నోరు జారిన నా గతి యేమి? ఇంతలో స్నేహితురాండ్రు బారాటాంగ్ పోదమనియు, దారిలో జారవా తెగవారు కనబడుదురనియు పిలుచుచున్నారు. షికార్లన్నియు మానుకొనవలెనా?

— ఒక విద్యార్థిని, శ్రీ విజయపురము

సలహా

అమ్మాయీ,

నీవు ఊళ్లు తిరుగుటలో నాకు దోషము కనబడలేదు. తిరిగి లాబులో ఉన్నానని చెప్పుటలో కనబడినది. ఈ రెంటిని నీవు ఒకటిగా కలిపికొనుటచేతనే, బొంకు మానుటకు బదులు షికారు మానుటనుగూర్చి యోచించుచున్నావు. పైరు నెన్నడును చూడక ధాన్యము తూచు వర్తకుని వలె, సముద్రము నెరుగక చేపలను కొలుచువారికి అంకెలు మిగులునే కాని శాస్త్రము మిగులదు. వండూరున 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానమున పగడపు దిబ్బలను, వాటి చెంతనే మడ అడవులను చూచి, చేపపిల్లలు పెరుగు తావు లెట్టివో గ్రహించిన దినమును వ్యర్థమైన దినమని ఏ గురువును అనడు.

అయినను అన్ని విహారములు సమానములు కావు. బారాటాంగ్ సున్నపురాతి గుహలు చూడదగినవే. కాని జిర్కాటాంగ్ దాటిన పిదప త్రోవ జారవాల రక్షిత భూమి గుండ పోవును. ఇట్టి తెగల సంరక్షణకై 1956లోనే శాసనము చేయబడినది. వాహనములు పోలీసుల వెంట బారుగా సాగవలెనే కాని, నిలుపుటకును, ఫోటోలు తీయుటకును, తినుబండారము లిచ్చుటకును వీలులేదు. గుహలకై పోదలచిన పొమ్ము. మనుష్యులను వింతగా చూచుటకై పిలిచినవారితో మాత్రము పోవలదు.

ఇక ఖర్చు. మీ నాన్నగారి ప్రశ్నలో కాఠిన్యము కన్న అప్పును గూర్చిన భయమే హెచ్చు. కనుక ప్రైవేటు ఓడలు మాని సర్కారు ఓడ ఎక్కుము. ఊరిలోనే చూడదగిన చోట్లకు ఎక్కువ ఆదివారములు కేటాయింపుము. పైసలతో సహా లెక్క వ్రాసి ఆయనకు చూపుము.

రహస్యము దాగునన్న ఆశ వదలుకొనుము. 2011 జనగణన ప్రకారము ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. మీ నాన్నగారు జంగ్లీఘాటున టీ త్రాగునంతలోనే ఎవరో ఒక ఉత్తరాంధ్ర వారితో మాట కలుపుదురు; నీ స్నేహితురాండ్రు నోరు జారనక్కరయే లేదు. ఆయన ఓడ ఎక్కక మునుపే, ఈ శనివారమే ఫోను చేసి, "నాన్నా, ఆదివారాలు లాబులో ఉన్నానని చెప్పింది నిజం కాదు, ఊరు చూడ్డానికి వెళ్లాను, ఇంత ఖర్చయింది" అని సూటిగా చెప్పుము. సాకులు జోడింపకుము.

ఆయన వచ్చిన పిదప నీ పనిని, నీ షికారును రెంటిని చూపుము. వేకువనే రేవునకు తీసికొనిపోయి, కొలబద్దపై చేపను ఎట్లు కొలుతురో చూపుము. 1896లో కట్ట నారంభించి 1906 నాటికి ముగించిన సెల్యులర్ జైలునకు కొనిపొమ్ము. ఏడు భాగములలో నేడు మూడే నిలిచియున్న ఆ చెరలో కాకినాడ బాంబు కేసు ముద్దాయి ప్రతివాది భయంకర వెంకటాచారిగారు శిక్ష ననుభవించిరని మీ ప్రాంతమువారికి వేరుగ చెప్పవలెనా? సిప్పీఘాట్ కూడ చూపుము. 26 డిసెంబర్ 2004 నాటి భూకంపమున దక్షిణ అండమాను నేల క్రుంగి, వరి పండిన పొలములలో ఉప్పునీరు నిలిచిన ఆ చోటు ఏమి చెప్పుచున్నదో నీకన్న కౌలు రైతైన ఆయనకే త్వరగా తెలియును.

నిజము విని ఆయన కోపింపవచ్చును. ఆ కోపము ఒకటి రెండు పూటలది. దాచితివా, ఇంటర్న్‌షిప్ ముగియు వరకు ప్రతి ఆదివారమును నీకు భయముతోనే గడచును.