అప్రస్తుత ప్రసంగం

విద్వత్సభలో ప్రసంగం ముగియగానే విషయంతో పొత్తులేని ప్రశ్న ఒకటి లేస్తుంది. ఏ దేశంలోనైనా ఇది తప్పదు. అయితే, ఆ ప్రశ్నకు సభలో ఒక ఆసనమిచ్చి, పేరు పెట్టి, గౌరవించినవారు తెలుగువారు. అదే అవధానంలోని అప్రస్తుత ప్రసంగం.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటారు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి మొదలైన అంశాలపై అవధాని ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చొప్పున పద్యాలు చెబుతాడు. నాలుగు ఆవృత్తులు ముగిశాక, వాటినన్నింటినీ కాగితం చూడకుండా అప్పగించాలి. దీనినే ధారణ అంటారు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు వద్దన్న అక్షరాన్ని విడిచి మరొక అక్షరాన్ని వెతుకుతున్న క్షణంలోనే అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతాడు. "అవధానిగారూ! ఆత్రేయపురం పూతరేకులో రేకెంత, తీపెంత?" అని అడిగాడనుకుందాం. "పద్యంలో ఛందస్సెంతో రేకంత, రసమెంతో తీపంత" అని అవధాని అనవచ్చు. సభ నవ్వుతుంది. ఆ నవ్వు చల్లారేలోగా ఆయనకు కావలసిన అక్షరం దొరుకుతుంది. కోపగించినా, జవాబును పెంచినా చేతిలోని పాదం జారిపోతుంది.

ఆత్రేయపురానికి గౌతమి ఆవలనున్న కడియంలో 1870లో జన్మించిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఈ విద్యలో ఆరితేరినవాడు. దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి తిరుపతి వేంకట కవులుగా గద్వాల, వనపర్తి, ఆత్మకూరు వంటి సంస్థానాలలో అవధానాలు చేశాడు. చిత్రమేమంటే, ఆయన వచనరచన 'కథలు-గాథలు'లో అడుగడుగునా తానే అప్రస్తుతంలోకి వెళ్ళి, తానే వెనుకకు వస్తాడు!

కళాశాల సదస్సు సంగతి వేరు. అవధానంలోని పృచ్ఛకునికి తన ప్రశ్న అప్రస్తుతమని తెలుసు. సదస్సులో అడిగేవారికి తెలియదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల తయారీలోని మాటలపై ఒక పరిశోధకుడు ప్రసంగించాడనుకుందాం. బోర్లించిన కుండకు, కొబ్బరాకుల మంటకు, పలుచని పిండిలో ముంచి కుండపై పరిచే గుడ్డకు అక్కడివారు వాడే పదాలను వివరించాడు. అంతలో ఒక మహిళ లేచి, "బెల్లం ధర ఇలా పెరిగిపోతే మేం ఏం అమ్ముకుంటామండి?" అని అడిగింది. ఇక్కడ చమత్కారం పనికిరాదు. అది ఆమె బతుకును నవ్వులపాలు చేస్తుంది. అలాగని తనకు తెలియని ధరల గురించి వక్త పది నిమిషాలు మాట్లాడితే, వెనుక వరుసలో అసలు ప్రశ్నతో చేయెత్తిన విద్యార్థికి అన్యాయం జరుగుతుంది.

"అమ్మా! ధరల సంగతి చెప్పేటంత ఎరుక నాకు లేదు. సభ కాగానే మీతో కూర్చుంటాను" అనడం ఉభయతారకం. పృచ్ఛకులను అదుపులో ఉంచడానికి అవధానంలో సంచాలకుడున్నట్లే ఇక్కడ సభాధ్యక్షుడున్నాడు. తరువాతి ప్రశ్నను పిలవడం ఆయన వంతు. ఆ మాట ప్రకారం సభానంతరం కూర్చోవడం మాత్రం వక్త వంతు. చాలామంది మరచిపోయేది దీనినే. ఏళ్ళ తరబడి రేకులు తీసిన ఆ మహిళ నోట, పరిశోధకుని జాబితాకెక్కని మాట ఒకటి అప్పుడు వినబడవచ్చు.