కార్బన్ సైకిలు ఫ్రేము – ప్రమాణ విచారము

సైకిలు సామాన్యుని వాహనమని మన దేశమున చిరకాలముగా ప్రసిద్ధి. పాలు పోయువాడు, ఉత్తరములు పంచువాడు, బడికి పోవు బాలుడు ఎక్కినది ఉక్కు గొట్టములతో చేసిన బరువైన బండి. ఆ జాతిలోనే నేడు మరొక శాఖ కలదు. అది పందెములకై కార్బన్ పోగులతో నిర్మించు రోడ్డు సైకిలు. దాని ఫ్రేము చక్రములు, గొలుసు, సీటు లేకుండ తూచినచో తరచు ఒక కిలోగ్రామునకు లోబడియే ఉండును. ఉన్నత శ్రేణికి చెందినదైనచో దాని వెల లక్షల రూపాయలలో ఉండును. ఇంత తేలిక వస్తువునకు ఇంత బరువైన వెల తగునా అని అడిగినచో, దానిని కొన్నవారు సాధారణముగా చెప్పు జవాబు ఒక్కటే: “ఎక్కి చూస్తే తెలుస్తుంది.”

ఎక్కిన మాత్రమున తెలియునా? ఈ వ్యాసమున విచారించునది ఇదే. ఒక వస్తువును గూర్చిన జ్ఞానము నమ్మదగినదా కాదా అని తేల్చుటకు న్యాయశాస్త్రము నాలుగు ప్రమాణములను చెప్పినది. వానిలో ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను మూడు మన విచారమునకు చాలును. ముందుగా వస్తువేదో తెలిసికొని, పిమ్మట దానిని ఈ మూడింటి ముందు నిలబెట్టుదము.

వస్తు స్వరూపము

కార్బన్ పోగు అనగా పాలీఅక్రిలోనైట్రైల్ వంటి కృత్రిమ నారను అధికమైన వేడిలో, ప్రాణవాయువు తగులకుండ మాడ్చి, కార్బన్ తప్ప మిగిలిన పదార్థములను పోగొట్టగా మిగిలిన దారము. దాని మందము 5 నుండి 7 మైక్రానులు. తలవెంట్రుకలో ఇది సుమారు పదవ వంతు. 1960ల తొలి సంవత్సరములలో జపానులో అకియో షిండో, ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విలియం వాట్ ప్రభృతులు ఈ విద్యకు పునాదులు వేసిరి. 1971లో జపానుకు చెందిన టోరే సంస్థ ఈ పోగులను వాణిజ్యస్థాయిలో ఉత్పత్తి చేయ నారంభించెను. మొదట విమానములకు పనికివచ్చిన ఈ పదార్థము క్రమముగా సైకిళ్ళకు దిగివచ్చినది.

పోగు ఒంటరిగా నిలువదు. దానిని ఎపాక్సీ జిగురులో తడిపి పలుచని తానులుగా చేసి, ఆ తానులను కొన్ని వందల ముక్కలుగా కత్తిరించి, ఒకదానిపై నొకటి పేర్చి, అచ్చులో నుంచి వేడితో, ఒత్తిడితో గట్టిపరచుదురు. ఇందు గ్రహింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. ఉక్కు ఏ దిక్కున చూచినను ఒకే గుణము కలది. కార్బన్ అట్టిది కాదు. వెదురు బద్ద నిలువున సులభముగా చీలును, అడ్డముగా విరుచుట కష్టము. ఏలయన దాని నార నిలువున నడచును. కార్బన్ పోగు ధర్మమును అట్టిదే. కావున పోగులను ఏ దిక్కుకు ఎన్ని పొరలుగా పేర్చిరి అను దానిమీదనే ఫ్రేము గుణము ఆధారపడును. ఒకే కార్బన్, ఒకే ఆకారము, ఒకే రంగు గల రెండు ఫ్రేములు పేర్పు భేదముచేత భిన్నములు కావచ్చును. ఆ పేర్పు కంటికి కనబడదు. పరీక్ష కష్టమగుటకు ఇదియే మొదటి కారణము.

మూడు మాటలు

రెండవ కారణము మాటలయందున్నది. మనము వాడుకలో “గట్టిది” అను ఒక్క మాటతో రెండు వేర్వేరు గుణములను చెప్పుచున్నాము. విరుగకుండుట బలము. వంగకుండుట బిగువు. గాజు బిగువైనది, కాని పెళుసు. నైలాను తాడు బలమైనది, కాని దానికి బిగువు లేదు. ఫ్రేముల ప్రశంసలో ఈ రెండును తరచు కలిసిపోవును. “ఎంత గట్టిదో చూడండి, తొక్కినప్పుడు కదలదు” అన్నవాడు బిగువును చెప్పెను గాని బలమును చెప్పలేదు.

మూడవ మాట మెత్తదనము. ఇది గతుకుల దెబ్బను మింగు గుణము. పెడళ్ళ ఇరుసు వద్ద ప్రక్కలకు బిగువు, సీటు క్రింద నిలువున మెత్తదనము — ఈ రెండు ఒకే ఫ్రేములో ఉన్నవని చెప్పుట అమ్మకపు ప్రకటనలలో పరిపాటి. పోగుల దిక్కును బట్టి గుణము మారును గనుక ఇది అసాధ్యము కాదు. ఎంత అన్నదే ప్రశ్న. త్రికోణములతో కూర్చిన సామాన్య ఫ్రేము మనిషి బరువునకు నిలువున కుంగుట మిల్లీమీటరునకు లోపే. టైరు మాత్రము కొన్ని మిల్లీమీటర్లు అణగును. పొడవుగా పైకి లాగిన కార్బన్ సీటు గొట్టము కూడ ఫ్రేముకంటె ఎక్కువగానే వంగును. కావున సవారికి తెలిసిన మెత్తదనములో అధికభాగము ఫ్రేముది కాదు. గాలిదీ రబ్బరుదీ సీటు గొట్టముదీ.

ప్రత్యక్షము

ఇప్పుడు సవారికి వత్తము. ప్రత్యక్షము ప్రమాణములలో మొదటిది. అయినను చీకటిలో త్రాడును చూచి పామని జడుసుకొన్నవానికి కలిగినదియు ప్రత్యక్షము వలెనే తోచును. క్రొత్త కార్బన్ సైకిలు ఎక్కినవానికి ఇట్టి భ్రాంతి కలుగుటకు కారణములు అనేకములు. దాని చక్రములు తేలికైనవి. టైర్లు క్రొత్తవి. గొలుసు శుభ్రమైనది. బోలు గొట్టములలో రోడ్డు చప్పుడు గంభీరముగా మ్రోగి వేగము హెచ్చినట్లు చెవికి తోచును. అన్నిటికి మించి, లక్షలు వెచ్చించిన మనస్సు సుఖమును వెదకుకొనును.

1990ల మధ్యకాలమున అమెరికాలోని “బైసికిల్ గైడ్” పత్రిక ఈ విషయమున ఒక మంచి పరీక్ష జరిపినది. ఇటలీకి చెందిన ఆంటోనియో మొండోనికో అను శిల్పి ఒకే కొలతలతో ఏడు ఉక్కు ఫ్రేములు చేసి ఇచ్చెను. కొలంబస్ సంస్థవారి గొట్టములలో చౌకరకము మొదలు ఖరీదైన రకము వరకు ఒక్కొక్క ఫ్రేమునకు ఒక్కొక్కటి వాడెను. ఏది ఏదో తొక్కువారికి తెలియదు. తీరా చూడగా భేదములు మిక్కిలి స్వల్పములని, వెలకును అనుభవమునకును పొంతన కుదరలేదని తేలినది. అది ఉక్కును గూర్చిన పరీక్ష గనుక దాని తీర్పును కార్బనుకు యథాతథముగా అంటగట్టరాదు. కాని పరీక్షించు పద్ధతి ఏ ఫ్రేముకైనను వర్తించును.

ఆ పద్ధతి ఇది. పోల్చదలచిన రెండు ఫ్రేములకు ఒకే చక్రములను, ఒకే టైర్లను మార్చి మార్చి వేయవలెను. గాలి ఒకే కొలతలో, పంపు మీది ముల్లు చూచి నింపవలెను. చేతితో నొక్కి చూచుట చాలదు. పది పౌండ్ల గాలి తేడా మిగిలిన భేదములన్నిటిని మింగివేయగలదు. సీటు ఎత్తు, సీటునుండి హేండిలు దూరము టేపుతో సరిచూడవలెను. ఒకే మార్గమున, అదే పూట, ఒకదాని తరువాత ఒకటి, మరల మొదటిది తొక్కవలెను. హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు మార్గము వంటి నున్నని బాట కొంత పనికివచ్చును. కాని గతుకుల రోడ్డును, ఒక ఎగువను, ఒక దిగువను కూడ చూడనిదే పరీక్ష పూర్తి కాదు.

గమనింపవలసినవి నాలుగు. సీటు మీదినుండి లేచి బలముగా త్రొక్కునప్పుడు వెనుక చక్రము ప్రక్కకు ఒరసుకొనుచున్నదా? దిగువలో వేగము హెచ్చినపుడు ముందుభాగము వణకుచున్నదా? మలుపులో పట్టిన దారిని విడువకుండ పోవుచున్నదా? రెండు గంటల సవారి పిమ్మట మెడ, నడుము, అరచేతులు ఏమనుచున్నవి? మొదటి పది నిమిషముల ఆనందముకంటె ఈ కడపటి సాక్ష్యము విలువైనది.

అనుమానము

పొగను చూచి నిప్పును ఊహించుట అనుమానము. ఇచట అంకెలే పొగ. ఫ్రేములను గూర్చి అందరును మొదట అడుగునది బరువు. ఒక లెక్క వేయుదము. సవారి 70 కిలోలు, సైకిలు, దుస్తులు, నీళ్ళసీసా కలిసి 8 కిలోలు, మొత్తము 78 కిలోలు అనుకొందము. ఖరీదైన ఫ్రేము మామూలు కార్బన్ ఫ్రేముకంటె 300 గ్రాములు తక్కువ తూగినది. మొత్తములో ఇది నూటికి 0.4 వంతు కూడ లేదు. ఫ్రాన్సులోని ఆల్ప్ దుయెజ్ కొండదారి సుమారు 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు, సగటున నూటికి 8 వంతుల వాలు. దానిని ఒక గంటలో ఎక్కగలవానికి ఈ 300 గ్రాముల వలన కలుగు లాభము 14 సెకన్లకు మించదు. పందెగానికి 14 సెకన్లు గెలుపు ఓటములు కావచ్చును. ఆదివారము ఉదయము వ్యాయామమునకై తొక్కువానికి అవి దారిలో టీ త్రాగుటకైనను చాలవు.

పైగా అంతర్జాతీయ సైక్లింగు సంఘము 2000 నుండి పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నియమము పెట్టినది. నేటి కార్బన్ ఫ్రేములతో ఆ హద్దును చేరుట కష్టము కాదు గనుక, నిర్మాతల దృష్టి బరువునుండి గాలివైపునకు మరలినది. సమతలమున గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఒంటరిగా పోవువాని శ్రమలో సుమారు ఐదింట నాలుగు పాళ్ళు గాలిని చీల్చుటకే వ్యయమగును. ఆ గాలికి ఎదురు నిలుచునది ముఖ్యముగా సవారి శరీరము, ఫ్రేము కాదు. కాబట్టి శరీరమును వంచి, ఆ వంపులో సుఖముగా నిలుపగలిగిన ఫ్రేమే వేగమైనది. అనగా కొలతలు కుదిరిన ఫ్రేము. కుదరని ఫ్రేము ఎంత ఖరీదైనదైనను అప్పుడు తెచ్చుకొన్న చెప్పుల వంటిది.

శబ్దము

శబ్దప్రమాణము అనగా ఆప్తవాక్యము. విషయము తెలిసి, ఉన్నదున్నట్లు చెప్పువాడు ఆప్తుడు. 1986లో గ్రెగ్ లెమాండ్ లుక్ సంస్థవారి కార్బన్ గొట్టముల ఫ్రేముపై టూర్ డి ఫ్రాన్స్ గెలిచెను. 1995లో ఫ్రాంకో బల్లెరినీ కొల్నాగో సి-40 ఫ్రేముపై పారిస్–రూబే పందెము గెలిచెను. ఆ పందెమున 50 కిలోమీటర్లకు పైగా బండరాళ్ళు పరచిన దారులున్నవి. కార్బన్ పెళుసని, రాళ్ళపై నిలువదని శంకించినవారికి అది గట్టి జవాబు. అయితే ఆ జవాబు ఎంతవరకు పోవునో అంతవరకే తీసికొనవలెను. ఫ్రేము ఆ శ్రమకు తాళినదని అది ఋజువు చేసినది. ఫ్రేము వలననే గెలుపు కలిగినదని చేయలేదు. విజేతలకు సైకిళ్ళు ఇచ్చువారు నిర్మాతలే. కావున వారి పొగడ్త అసత్యమని అనరాదు గాని, ఆప్తవాక్యమని తలకెత్తుకొనరాదు.

ఇంతకంటె నమ్మదగిన శబ్దము ఒకటి కలదు. ఐ.ఎస్.ఓ. 4210 అను అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము ఫ్రేమును యంత్రమున బిగించి, త్రొక్కుడు బలమును 1,00,000 పర్యాయములు ప్రయోగించి, పగులు కలుగలేదని చూతురు. ప్రకటనలలో ఈ మాట చిన్న అక్షరములలో ఉండును. కొనువాడు మొదట చదువవలసినది దానినే.

కనబడని గాయము

ప్రాణముతో కూడిన విషయమొకటి మిగిలినది. ఉక్కు ఫ్రేము దెబ్బ తగిలినచో చాలవరకు వంగును, సొట్టపడును, తన బాధను చెప్పును. కార్బన్ వంగి చెప్పదు. క్రింద పడినపుడో, రాయి తగిలినపుడో లోపలి పొరలు ఒకదానినుండి ఒకటి విడిపోవచ్చును. పైన రంగు మెరయుచునే ఉండును. “పైన పటారము, లోన లొటారము” అను సామెత ఇచట అక్షరాల వర్తించును. అట్టి ఫ్రేము ఒకనాడు దిగువలో ముందస్తు హెచ్చరిక లేకుండ విరుగవచ్చును.

పాత కార్బన్ ఫ్రేము చౌకగా దొరికినదని సంతోషించువారు ఇది మరువరాదు. రంగుపై సన్నని గీతలున్నచో రంగే పగిలినదా, పోగు పగిలినదా అని విచారింపవలెను. ఒక నాణెముతో గొట్టము పొడవునా మెల్లగా తట్టి చూచినచో, గట్టి చోట స్పష్టమైన ధ్వని, పొరలు విడిన చోట మొద్దు ధ్వని వినబడును. ఇది తొలి సూచన మాత్రమే. శంక మిగిలినచో అల్ట్రాసౌండు పరీక్ష చేయగల వారికి చూపుటే శరణ్యము. సీటు గొట్టము బోల్టును చేతి బలము కొలది బిగించుట కూడ ప్రమాదమే. అది తరచు 5 న్యూటన్-మీటర్ల ప్రాంతముననే ఉండును. భాగముపై వ్రాసిన అంకెను చూచి, కొలిచి బిగించు రెంచితోనే బిగింపవలెను.

తీర్పు

మూడు ప్రమాణములను కలిపి చూచినచో వరుస ఇట్లు తేలును. మొదటిది కొలత, శరీరమునకు కుదిరినదా అని. రెండవది భద్రత, ప్రమాణపరీక్షకు నిలిచినదా, గాయము లేనిదా అని. మూడవది టైరు చోటు, 28 లేక 30 మిల్లీమీటర్ల టైరు పట్టునా అని. నాలుగవది బిగువు, ఐదవది బరువు. పేరు, రంగు చివరివి. ఉన్నత శ్రేణి ఫ్రేము మంచిది కాదని దీని భావము కాదు. నిపుణుని పేర్పు, శ్రద్ధగల పని, తేలికదనము నిజమైన గుణములే. వానికి వెల కట్టవచ్చును. కాని దుకాణములో మనకు వినిపించు వరుస తరచు దీనికి తలక్రిందులుగా ఉండును.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎందరు అట్టి సైకిలు కొందురో చెప్పజాలను. కాని “నేను అనుభవించి చెప్పుచున్నాను” అనువారు మీకు ప్రతిదినము ఎదురగుదురు. వారిని అబద్ధీకులని త్రోసివేయకుడు. ఏ టైర్లతో, ఎంత గాలితో, ఏ దారిలో, దేనితో పోల్చి చెప్పుచున్నారని మర్యాదగా అడుగుడు. జవాబు చెప్పగలిగినవాని అనుభవమే ప్రమాణమగును.